తెలుగు కోసం ఒకటి నొక్కండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



సంఘం వాళ్లు నన్ను టెక్నాలజీ మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. కృత్రిమ మేధ గురించి చెప్పడానికి నాకన్నా చిన్నవాళ్లు, నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. కంది ఐఐటీలో చదువుతున్న మన బడి పిల్లలు కూడా ముందు వరుసలో కనిపిస్తున్నారు. అందుకని నేను ఒక పాత వస్తువును ఎంచుకున్నాను. ఫోన్ మీద ఉండే పన్నెండు బటన్లు. వాటిని నొక్కి, ఎక్కడో ఉన్న కంప్యూటర్‌లోని మన వివరాన్ని మనం ఎట్లా తెలుసుకుంటున్నాం, ఈ పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసే మనిషికి అది ఎంత అక్కరకొస్తుంది, ఆ దారి మూసుకుపోకుండా ఎందుకు చూసుకోవాలి అన్నది నేను చెప్పదలచుకున్న మాట.

గిర్రున తిప్పే ఫోన్ నుంచి

మా పదో తరగతి 1986లో అయిపోయింది. అప్పుడు సంగారెడ్డి మెదక్ జిల్లాకు కేంద్రం. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్, దాని చుట్టుపక్కల పారిశ్రామికవాడ, ఎద్దుమైలారంలో అప్పుడప్పుడే మొదలైన ఆయుధ కర్మాగారం. ఇంతమంది పనిచేసే ప్రాంతమైనా ఫోన్ మాత్రం ఫ్యాక్టరీ ఆఫీసులోనో, పోస్టాఫీసులోనో, కొద్దిమంది ఇళ్లలోనో ఉండేది. ఆ తర్వాత పసుపు బోర్డుల ఎస్‌టీడీ బూతులు వచ్చాయి. 08455 అనే సంగారెడ్డి కోడ్ ఇప్పటికీ మనలో చాలామందికి నోటికి వస్తుంది.

ఆ రోజుల్లో నల్ల ఫోన్‌కు గుండ్రని డయల్ ఉండేది. 5 దగ్గర వేలు పెట్టి తిప్పి వదిలితే, అది వెనక్కి తిరుగుతూ లైన్‌లోని కరెంటును ఐదుసార్లు తెంపి కలిపేది. సున్నా తిప్పితే పదిసార్లు. సెకనుకు దాదాపు పది తెంపులు. ఎక్స్చేంజిలోని యంత్రం వాటిని లెక్కపెట్టి మన లైన్‌ను అవతలి లైన్‌కు కలిపేది. అంతటితో డయల్ పని అయిపోయేది. మాట కలిసిన తర్వాత ఎంత తిప్పినా అవతలి మనిషికి టకటకమనే చప్పుడే తప్ప అంకె చేరదు. అంటే ఆ ఫోన్‌తో మనిషిని పిలవగలం గాని, యంత్రాన్ని ప్రశ్న అడగలేం.

బటన్ల ఫోన్ వచ్చాక ఇది మారింది. 1963 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో బెల్ కంపెనీ వాళ్లు వీటిని మొదట జనానికి ఇచ్చారు. మొదట్లో పది బటన్లే. స్టార్, హాష్ తర్వాత 1968లో చేరాయి. ఇందులో ప్రతి బటన్‌కు రెండు స్వరాలు ఒకేసారి మోగుతాయి. అడ్డ వరుసకు ఒక స్వరం, నిలువు వరుసకు ఒక స్వరం. 5 నొక్కితే 770 హెర్ట్జ్, 1336 హెర్ట్జ్ కలిసి వినిపిస్తాయి. మన ఎక్కాల పట్టికలో అడ్డ గీత, నిలువు గీత కలిసిన చోట లెక్క దొరికినట్టు, ఆ రెండు స్వరాలు కలిసిన చోట 5 దొరుకుతుంది.

రెండు ఎందుకు, ఒకటి చాలదా అని అడగవచ్చు. ఒకే స్వరమైతే మనిషి గొంతులోనో, ఈలలోనో, ఫ్యాక్టరీ సైరన్‌లోనో పొరపాటున అదే స్వరం వచ్చి, బటన్ నొక్కారని యంత్రం భ్రమపడుతుంది. ఎంచుకున్న రెండు స్వరాలు సరిగ్గా ఒకేసారి, ఒకే పాటి బలంతో రావడం మాటల్లో చాలా అరుదు.

అసలు సంగతి ఇంకోటి. స్వరం కూడా మాటలాగే శబ్దం. మాట ఎంత దూరం పోతుందో అదీ అంత దూరం పోతుంది. ఫోన్ కలిసిన తర్వాత కూడా అంకెలు అవతలి చివరికి చేరతాయి. అక్కడ మనిషికి బదులు కంప్యూటర్ కూర్చుంటే, దానికి మన ప్రశ్న చేరుతుంది. మనిషిని పిలవడానికి చేసిన పరికరం అట్లా లెక్కల పుస్తకాన్ని తెరిచే పరికరం కూడా అయ్యింది.

పాత బటన్ ఫోన్ల కింద పల్స్, టోన్ అని ఒక చిన్న మీట ఉండేది, గుర్తుందా? అది పల్స్ వైపు ఉంటే బటన్ నొక్కినా పాత డయల్ లాగే తెంపులు పోయేవి. కంప్యూటర్‌కు ఏమీ వినిపించేది కాదు. "ఎన్నిసార్లు నొక్కినా పలకట్లేదు" అని ఫిర్యాదు చేసినవాళ్ల ఫోన్లలో చాలావాటికి ఆ మీట జరపడమే మందు.

కంప్యూటర్ అడిగేది ఒక్కటే: నంబరెంత?

మన బడి హాజరు పట్టీ తలుచుకోండి. క్లాసులో ముగ్గురు లక్ష్మిలు ఉంటే సారు పేరు పిలవకుండా రోల్ నంబరు పిలిచేవారు. కంప్యూటర్ పని కూడా అంతే. లక్షల పేర్ల మధ్య ఒక మనిషి వరుసను వెంటనే పట్టుకోవాలంటే, ఆ మనిషికి మాత్రమే చెందిన నంబరు ఒకటి కావాలి. దాన్ని మా భాషలో కీ అంటారు, తాళంచెవి. రైలు టికెట్‌కు పది అంకెల పీఎన్‌ఆర్, పరీక్షకు హాల్‌టికెట్ నంబరు, కరెంటుకు సర్వీసు నంబరు, గ్యాసుకు కన్స్యూమర్ నంబరు. అన్నీ తాళంచెవులే. అన్నీ అంకెలే కాబట్టి పన్నెండు బటన్ల ఫోన్ సరిపోయింది.

పేరుతో వెతకలేమా? బటన్ల మీద ఇంగ్లిషు అక్షరాలు కూడా ఉంటాయి గదా. 2 మీద ఏ, బి, సి. 7 మీద పి, క్యూ, ఆర్, ఎస్. అమెరికాలో పెద్ద ఆఫీసులకు ఫోన్ చేస్తే, కావలసిన మనిషి ఇంటిపేరులోని మొదటి మూడు అక్షరాలు నొక్కమనే ఏర్పాటు చాలాకాలంగా ఉంది. ఒక్కో బటన్ మీద మూడు నాలుగు అక్షరాలున్నా, కంప్యూటర్ తన దగ్గరున్న పేర్లతో పోల్చి ఎవరో తేల్చుకుంటుంది.

మన దగ్గర అది నిలవదు. రాణి అనే పేరును అక్షరాల లెక్కన నొక్కితే 7264. సామి అని నొక్కినా 7264 వస్తుంది. లక్ష్మిని ఒకరు "ఎక్స్"తో రాస్తారు, ఇంకొకరు "కె, ఎస్, హెచ్"తో రాస్తారు. మొదటిది 52964, రెండోది 5257464. మనిషి ఒక్కరే, నంబర్లు రెండు. ఇక ఇంటిపేరు మనకు ముందుంటుంది, అదీ ఒక్క పొడి అక్షరంగా. ఊళ్లో సగం మందికి అదే ఇంటిపేరు. అందుకే మన దేశంలో కీప్యాడ్‌తో జరిగిన వెతుకులాట అంతా అంకెల మీదే నడిచింది. అది ఒక విధంగా మేలే చేసింది. ఇంగ్లిషు అక్షరం రానివాళ్లకు కూడా అంకెలు తెలుసు. బస్సు నంబరు చదవగలిగిన ప్రతి మనిషీ ఈ ప్రశ్న అడగగలడు.

మన బడికి బాగా తెలిసిన ఉదాహరణ పదో తరగతి ఫలితాలు. ఒకప్పుడు పేపరు కోసం తెల్లవారుజామున బస్టాండు దగ్గర కాచుకునేవాళ్లం. పేజీ నిండా చీమల్లాంటి అంకెలు. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో పరిష్కారం కాల్ సెంటరు 1100 వంటి నంబర్లకు ఫోన్ చేసి ఫలితం తెలుసుకునే వీలు వచ్చింది. ఫోన్‌లో ఫలితాలు చెప్పే యంత్రాల్లో హాల్‌టికెట్ నంబరు నొక్కితే మార్కులు వినిపించేవి.

అప్పట్లో ఆ లైన్ ఎప్పుడూ ఎంగేజ్ వచ్చేదని మీరు తిట్టుకుని ఉంటారు. దాని లెక్క చెప్తాను. నేను పని నేర్చుకున్న రోజుల్లో కంప్యూటర్‌లో ఒక వాయిస్ కార్డు పెట్టి, దానికి నాలుగు టెలిఫోన్ లైన్లు కలిపేవాళ్లం. ఒక్కొక్కరికి నిమిషంన్నర పడితే ఒక లైన్ మీద గంటకు నలభై మంది. నాలుగు లైన్ల మీద నూట అరవై మంది. ఐదో మనిషికి ఎంగేజ్ టోనే. కంప్యూటర్‌కు జవాబు వెతకడానికి పట్టేది రెప్పపాటు. మిగతా కాలమంతా మనం నొక్కడానికి, అది చదివి వినిపించడానికే పోతుంది. కాబట్టి మాటను ఎంత పొట్టిగా చేస్తే అంతమందికి ఎక్కువ అందుతుంది.

అంకెలను తెలుగులో పలికించడం

ఇక్కడ మన తెలుగు సార్లు, టీచర్లు వినవలసిన సంగతి ఒకటి ఉంది. కంప్యూటర్ "మీ బిల్లు నాలుగు వందల ఇరవై మూడు రూపాయలు" అని చెప్పాలంటే, ఉన్న ప్రతి మొత్తాన్నీ రికార్డు చేసి పెట్టలేం. ముక్కలుగా రికార్డు చేసి, అవసరమైనప్పుడు అతికిస్తాం. నాలుగు, వందల, ఇరవై, మూడు, రూపాయలు. పూసలు దండగా గుచ్చినట్టు.

ఇంగ్లిషుకు ఇది సులువు. వందకు ఒకే మాట, ఎక్కడ పెట్టినా అదే. తెలుగులో మాట రూపం మారుతుంది. వంద అంటే వంద. ఒకటి చేరితే నూట ఒకటి. రెండొందలైతే రెండు వందలు. దాని మీద ఒకటి చేరితే రెండు వందల ఒకటి. "వందలు" కాస్తా "వందల" అయిపోతుంది. వెయ్యి, వేలు, వేల కూడా అంతే. రూపాయి ఒక్కటైతే రూపాయి, రెండైతే రూపాయలు. ఈ రూపాలన్నీ విడివిడిగా రికార్డు చేసి, ఎప్పుడు ఏది వినిపించాలో నియమం రాయాలి. రాయకపోతే "రెండు వందలు ఒకటి రూపాయి" అని యంత్రం చదువుతుంది. విన్నవాళ్లు నవ్వుతారు. తర్వాత ఆ మొత్తం మీదే అనుమానపడతారు. మనకు తొమ్మిదిలో విభక్తులు చెప్పినప్పుడు ఇవి ఎందుకని గొణిగినవాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. కంప్యూటర్‌కు మాట నేర్పేటప్పుడు నాకు పనికొచ్చింది ఆ పాఠమే.

ఒక చోట మాత్రం తెలుగు సులువు. ఒకటి నుంచి ఇరవై దాకా ఇరవై మాటలు, ముప్పై నుంచి తొంభై దాకా పదుల లెక్కన ఏడు మాటలు. ఈ ఇరవై ఏడు ముక్కలతో తొంభై తొమ్మిది దాకా ఏ అంకె అయినా పలకవచ్చు. హిందీలో తొంభై తొమ్మిదింటికీ దాదాపు వేరువేరు మాటలే, అన్నీ చదివి రికార్డు చేయాల్సిందే.

వరుస కూడా ముఖ్యమే. "ఒకటి నొక్కితే తెలుగు" అనకూడదు. "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అనాలి. చెవితో వినే మనిషికి ముందు తనకు కావలసింది వినపడాలి, వెంటనే బటన్ నంబరు వినపడాలి. నంబరు ముందు చెప్తే, కావలసిన మాట వచ్చేసరికి నంబరు మరిచిపోతాడు. ఒకేసారి నాలుగైదు దారులకు మించి చెప్పకూడదు. నొక్కిన నంబరును తిరిగి చదివి వినిపించాలి. పెద్దవాళ్లు ఫోన్‌ను చెవి దగ్గర నుంచి తీసి, కళ్లద్దాలు సర్దుకుని, బటన్ వెతికి నొక్కేదాకా ఆగాలి. ఎటూ తోచనివాళ్లు మనిషితో మాట్లాడడానికి ఒక దారి ఉంచాలి. రైల్వే 139లో పన్నెండు భాషలు పెట్టారు. స్టార్ నొక్కితే మనిషి పలికే ఏర్పాటు కూడా చేశారు. అది సరైన పద్ధతి.

పాశమైలారం గేటు బయట

ఇప్పుడు మన ప్రాంతానికి వస్తాను. ఇక్కడి చాలా ఫ్యాక్టరీల్లో సగం చేతులు కాంట్రాక్టు చేతులే. మన పల్లెలవాళ్లున్నారు, ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లున్నారు. వాళ్ల కష్టార్జితంలో కంటికి కనిపించని భాగం పీఎఫ్. మూల వేతనం, డీఏ కలిపి నెలకు 12 వేలు అనుకోండి. అందులోంచి 12 శాతం, అంటే 1,440 రూపాయలు కోస్తారు. యజమాని అంతే కలపాలి. ఆ రెండో భాగంలో 8.33 శాతం, దాదాపు వెయ్యి రూపాయలు, పింఛను పథకానికి పోతుంది. మిగిలిన 440 పీఎఫ్‌లో పడుతుంది. కాబట్టి ఖాతాలో నెలనెలా పెరగాల్సింది దాదాపు 1,880 రూపాయలు. వచ్చే నెల 15వ తేదీలోపు ఇది జమ కావాలి.

జీతంలో కోత కార్మికుడికి కనిపిస్తుంది. జమ అయ్యిందో లేదో ఒకప్పుడు కనిపించేది కాదు. ఏడాదికోసారి వచ్చే చీటీ కోసం కాచుకోవాలి, అదీ కంపెనీ ద్వారానే రావాలి. ఎవరిని అనుమానించాలో వాళ్లనే అడగాలన్నమాట.

2014 అక్టోబరులో యూఏఎన్ అనే పన్నెండు అంకెల నంబరు వచ్చింది. కంపెనీ మారినా, కాంట్రాక్టరు మారినా ఆ నంబరు మారదు. దానికి మన ఫోన్ నంబరు కలిపి, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల్లో ఏదో ఒకటైనా జతచేసి ఉంటే, 99660 44425కు మిస్డ్ కాల్ ఇస్తే చాలు. రెండు రింగుల తర్వాత అదే ఆగిపోతుంది. పైసా ఖర్చు లేదు. కాసేపటికి చివరిసారి జమ ఎంత, మొత్తం నిల్వ ఎంత అని మెసేజి వస్తుంది. మెసేజి పంపి అడిగే పద్ధతి కూడా ఉంది. అందులో చివర తెలుగుకు గుర్తుగా టి, ఇ, ఎల్ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు చేర్చితే జవాబు తెలుగులో వస్తుంది.

ఇంజనీరుగా నాకు ఈ మిస్డ్ కాల్ చాలా నచ్చిన పని. ఇందులో ఒక్క అంకె కూడా ప్రశ్నగా నొక్కనక్కరలేదు. మనం ఏ నంబరు నుంచి చేశామో అదే తాళంచెవి. ఆ నంబరు నుంచి యూఏఎన్, యూఏఎన్ నుంచి ఖాతా. ఏడు వందల రూపాయల ఫోన్‌తో, చదువు లేని మనిషి, ఎవరి అనుమతీ లేకుండా, తన పేరు మీదున్న లెక్కను అడుగుతున్నాడు.

నాకు బాగా తెలిసిన ఒకాయన ఇక్కడి ఒక యూనిట్‌లో కాంట్రాక్టు మీద కాపలా పని చేస్తాడు. ఐదో తరగతితో చదువు మానేశాడు. ప్రతి నెల 20వ తేదీన టీ తాగే వేళకు మిస్డ్ కాల్ ఇచ్చి, వచ్చిన మెసేజిని కూతురితో చదివించుకుని, నిల్వ అంకెను క్యాలెండర్ మీద రాసుకునేవాడు. ఒకసారి వరుసగా నాలుగు నెలలు అదే అంకె. జీతంలో కోత మాత్రం ఆగలేదు. క్యాలెండర్, ఫోన్ రెండూ పట్టుకుని సూపర్‌వైజరు దగ్గరికి పోయాడు. "మధ్యలో ఏదో తప్పిపోయింది, చూస్తాం" అన్నారట. ఈయన గొడవ పడలేదు. "పీఎఫ్ ఆఫీసు మన పటాన్‌చెరులోనే ఉంది గద సార్, నేనే పోయి అడిగొస్త" అన్నాడు. రెండు నెలలు తిరగకముందే నాలుగు నెలల బాకీ జమ అయ్యింది. ఆయనతోపాటు అదే కాంట్రాక్టు కింద ఉన్న మిగతావాళ్లకు కూడా.

ఆ రోజు ఆయన చేతిలో వకీలు లేడు, యూనియన్ లేదు. నాలుగు మెసేజిలున్నాయి. నేను చాలా యంత్రాలు చూశాను గాని, ఇంత చిన్న పరికరం ఇంత పని చేయడం అరుదుగా చూశాను.

అయితే ఇక్కడే రెండు జాగ్రత్తలు. మొదటిది, తాళంచెవి ఫోన్ నంబరే కాబట్టి, నంబరు మారితే తలుపు మూసుకుంటుంది. ఊరి నుంచి వచ్చినవాళ్లు ఆఫర్ కోసం సిమ్ మారుస్తారు, రీచార్జి చేయక నంబరు పోగొట్టుకుంటారు. పాత నంబరు పీఎఫ్ లెక్కలో అట్లాగే ఉండిపోతుంది. సిమ్ మార్చేముందు ఈ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చానో ఒకసారి తలుచుకోమని మన చుట్టుపక్కలవాళ్లకు చెప్పాలి.

రెండోది మోసం. "మీ ఖాతా ఆగిపోతోంది, ఒకటి నొక్కండి, ఓటీపీ నొక్కండి" అని ఫోన్లు వస్తున్నాయి. నేను మా ఇంట్లో, ఫ్యాక్టరీలో చెప్పే సూత్రం ఒక్కటే. మనకు తెలిసిన నంబరుకు మనం చేసిన ఫోన్‌లో నొక్కవచ్చు. అడగకుండా మనకొచ్చిన ఫోన్‌లో ఏదీ నొక్కకూడదు. పీఎన్‌ఆర్, హాల్‌టికెట్ నంబరు పెద్ద రహస్యాలు కావు. పిన్, ఓటీపీ అట్లా కాదు.

నంబరు లేని ప్రశ్న

కీప్యాడ్‌తో అన్నీ అవుతాయని నేను అనను. దాని హద్దు మన పక్కనున్న పొలాల్లోనే తెలుస్తుంది. నా నిల్వ ఎంత అన్న ప్రశ్నకు నంబరు ఉంది. "పత్తి ఆకు ఎర్రబడుతోంది, ఏం చేయాలి" అన్న ప్రశ్నకు నంబరు లేదు. ఏ బటన్ నొక్కాలి? పంటకు ఒకటి, తెగులుకు రెండు, ఆకుకు మూడు అంటూ పోతే రైతు విసిగి పెట్టేస్తాడు. అందుకే 2004 జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ 1551కు జవాబు చెప్పడానికి వ్యవసాయం చదివిన మనుషులను కూర్చోబెట్టారు. తర్వాత అది 1800 180 1551 అయ్యింది. రైతు తన భాషలో మాట్లాడతాడు, అవతలి మనిషి కంప్యూటర్‌లో వెతికి చెప్తాడు. ఇక్కడ బటన్ల పని సరైన మనిషి దగ్గరికి చేర్చడం వరకే. అప్పట్లో ఐబీఎం పరిశోధకులు మన తెలుగు పల్లెలో ఒకచోట, ఫోన్‌లో విని ఫోన్‌లోనే చెప్పే గొంతు కియోస్కును కూడా పెట్టి చూశారు. ఊరివాళ్లే తమ గొంతుతో సమాచారం చేర్చే ఏర్పాటు అది.

ఇవాళ మాటను అర్థం చేసుకునే యంత్రాలు వచ్చాయి కాబట్టి ఆ రైతు ప్రశ్నకు కూడా ముందుముందు ఫోన్‌లోనే జవాబు దొరకవచ్చు. మంచిదే. కాని డబ్బుకు, జీతానికి, పింఛనుకు సంబంధించిన లెక్క అడిగేటప్పుడు అంకె నొక్కడమే నమ్మకమైన పద్ధతని నా అనుభవం. రోడ్డు మీద లారీల మోతలో, షెడ్డులో మిషన్ల హోరులో, యాస ఏదైనా, గొంతు ఏదైనా, 5 నొక్కితే 5 అనే చేరుతుంది.

దారి మూసుకుపోకుండా

కీప్యాడ్ ఫోన్ కాలం అయిపోయిందని చాలామంది అంటారు. 2022 మార్చిలో ఫీచర్ ఫోన్ల కోసం యూపీఐ 123 పే తెచ్చినప్పుడు, దేశంలో ఇటువంటి ఫోన్లు వాడేవాళ్లు 40 కోట్లకు పైగా ఉన్నారని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. అంతకుముందు *99# వచ్చింది. అది మాట కాదు, ఇంటర్నెట్టూ కాదు. ఫోన్ నెట్‌వర్క్ తన సొంత సంకేతాల కోసం వాడుకునే దారిలోనే, ఒక్కోసారి 182 అక్షరాల లోపు చీటీల్లాగా ప్రశ్న, జవాబు నడుస్తాయి. డేటా ప్యాకు లేకపోయినా బ్యాంకు నిల్వ తెలుస్తుంది. ఇండేన్ గ్యాసుకు 2020 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే నంబరు పెట్టారు, ఫోన్ చేసి బటన్ నొక్కితే సిలిండర్ బుక్ అవుతుంది. ఇవన్నీ మంచి పనులే.

కాని ఇంకో వైపు కొత్తగా వచ్చే ప్రతి సేవా ముందు యాప్‌గానే పుడుతోంది. కొత్త యూఏఎన్ కావాలంటే ఇప్పుడు ఉమాంగ్ యాప్‌లో ముఖం చూపించాలి. దొంగ ఖాతాలు ఆపడానికి అది అవసరమే కావచ్చు, నేను కాదనను. కాని మంచి ఫోన్ లేని మనిషి అప్పుడు ఎవరి ఫోన్ అడుగుతాడు? కాంట్రాక్టరు మనిషి ఫోనే అడుగుతాడు. తన లెక్క చూసుకోవడానికి మళ్లీ అవతలివాళ్ల చెయ్యి పట్టుకోవాల్సిందే. ఆ కాపలా మనిషి క్యాలెండర్ మీద రాసుకున్న అంకెల విలువ ఎక్కడుంది? ఎవరినీ అడగకుండా తెచ్చుకున్నవి కావడంలోనే ఉంది.

అందుకని ఇక్కడున్న వాళ్లకు మూడు మనవులు.

సాఫ్ట్‌వేర్ రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీరు ఏ సేవ తయారుచేసినా, అందులో మనిషి ఎక్కువసార్లు అడిగే ఒకటి రెండు ప్రశ్నలకు మామూలు ఫోన్‌తో జవాబు దొరికే దారి ఉంచండి. అన్నీ పెట్టనక్కరలేదు. నా నిల్వ ఎంత, నా దరఖాస్తు ఎక్కడుంది, ఈ రెండు చాలు. అది తెలుగులో పలకాలి, వరుస సరిగ్గా ఉండాలి, చివర మనిషి దొరకాలి.

ఫ్యాక్టరీల్లో హెచ్ఆర్, పర్సనల్ విభాగాల్లో ఉన్న మిత్రులు మన బ్యాచుల్లో చాలామంది ఉన్నారు. కాంట్రాక్టు మనిషి పనిలో చేరిన రోజే అతని యూఏఎన్‌కు అతని సొంత ఫోన్ నంబరే కలిసిందో లేదో చూడండి. సూపర్‌వైజరు నంబరు కాదు. గేటు దగ్గర భద్రతా సూచనల బోర్డు పక్కన ఆ మిస్డ్ కాల్ నంబరు పెద్ద అంకెల్లో రాయించండి. దానికి ఒక డబ్బా పెయింటు చాలు.

మూడోది సంఘానికి. నెలకో ఆదివారం ఉదయం మన బడిలో ఒక గది తెరుద్దాం. రెండు బల్లలు, ఒక కంప్యూటర్, ఇద్దరు మనుషులు. చుట్టుపక్కల కార్మికులు, పిల్లల తల్లిదండ్రులు వచ్చి తమ ఫోన్ నంబరు ఎక్కడ కలిసి ఉందో, పీఎఫ్ పడుతోందో లేదో, పింఛను ఎక్కడ ఆగిందో తెలుసుకునేట్టు చేద్దాం. పదో తరగతి పిల్లలు పక్కన కూర్చుని, మెసేజిలు చదివిపెట్టి, అంకెలు రాసివ్వవచ్చు. వాళ్లకు అదే మంచి లెక్కల పాఠం. మొదటి ఆరు నెలలు ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటాను. రెండో కుర్చీకి ఎవరు వస్తారో సభ అయిపోయాక నాకు చెప్పండి. ఎంతమంది వచ్చినా వద్దనను.